ఎనిమిదేళ్ల జర్మన్ డీజిల్ కారును బెంగుళూరులో పోషించడానికి ఏటా ఎంతవుతుంది?

అనంత_బాటసారి (మారతహళ్లి)

సభ్యులందరికీ నమస్కారం. మాది అనంతపురం. ఉద్యోగరీత్యా పదకొండేళ్లుగా బెంగుళూరులో ఉంటున్నాము. ఎలక్ట్రానిక్ సిటీలోని ఆఫీసుకు వెళ్లి రావడానికి రోజుకు 40 కిలోమీటర్లకు పైగా అవుతుంది. అందులో చాలాసేపు సిల్క్ బోర్డు కూడలి దగ్గర బ్రేకు మీద కాలుపెట్టి కూర్చోవడమే. నెలకొకసారి అమ్మానాన్నలను చూడడానికి 44వ జాతీయ రహదారి మీద ఊరికి వెళ్తాము. ఇప్పుడున్న చిన్న కారును తమ్ముడికి ఇచ్చేసి, 18 లక్షల లోపు మరొక కారు కొనాలని మా ఆలోచన.

మా ముందు రెండు దారులున్నాయి. ఒకటి, తెలిసిన బ్రోకరు చూపించిన 2017 నాటి జర్మన్ డీజిల్ సెడాన్. 68 వేల కిలోమీటర్లు తిరిగింది, ఇద్దరు ఓనర్లు మారారు, 14.5 లక్షలు అడుగుతున్నారు. కొత్తగా ఉన్నప్పుడు దాని ధర 40 లక్షలు దాటిందట. కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు, పేరు రాస్తే చర్చ ఆ బ్రాండు మంచిదా ఈ బ్రాండు మంచిదా అన్న వైపు మళ్లిపోతుందని నా భయం. రెండోది, కొత్త స్కోడా స్లావియా లేదా ఫోక్స్‌వ్యాగన్ వర్టస్, 1.0 లీటరు ఆటోమేటిక్. తలుపు వేసినప్పుడు వచ్చే బరువైన శబ్దం దగ్గర్నుంచి హైవే మీద నిలకడ దాకా మొదటిదే నాకు నచ్చింది, దాచుకోవడం ఎందుకు. మా నాన్నగారు మాత్రం ఒకే మాట అన్నారు: "చెడిపోతే అనంతపురంలో బాగుచేసేవాడు ఉన్న బండే బండి."

వారంటీ లేని ఇలాంటి కారును నాలుగైదేళ్లు నడిపినవారు అసలు బిల్లులు చెప్పగలరా? షోరూం సర్వీసు వదిలేసి బయట చేయించుకుంటే నిజంగా ఖర్చు తగ్గుతుందా?

హెబ్బాళ_నివాసి

మీరు చూస్తున్నలాంటి కారునే, దాదాపు అంతే పాతదాన్ని, అంతే ధరకు కొని ఐదేళ్లు నడిపి పోయిన ఏడాది అమ్మేశాను. బిల్లులన్నీ ఒక ఫైలులో పెట్టుకునే అలవాటు ఉంది కనుక జ్ఞాపకం మీద ఆధారపడకుండా చెబుతున్నాను.

మొదటి ఏడాది 41,000 అయింది. ఆయిల్, ఫిల్టర్లు, ముందు బ్రేక్ ప్యాడ్లు, బ్యాటరీ. అప్పుడు అందరితోనూ "జనం అనవసరంగా భయపెడతారు" అని చెప్పుకుని తిరిగాను. రెండో ఏడాది 1,28,000. అందులో నాలుగు టైర్లకే 62,000 పోయింది. స్టెప్నీ ఉండని, గాలి పోయినా కొంతదూరం నడిచే రకం టైర్లవి, మన గుంతల్లో వాటి పక్కగోడలు ఉబ్బిపోతాయి. మిగతాది సస్పెన్షనులోని లోయర్ ఆర్మ్‌లకు, బుష్‌లకు. మూడో ఏడాది 92,000, నాలుగో ఏడాది 47,000. ఐదో ఏడాది కూలెంట్ లీకు, ఏసీ కంప్రెసర్ ఒకదాని వెనుక ఒకటి రావడంతో 1,15,000. మొత్తం 4,23,000. ఈ ఐదేళ్లలో తిరిగింది 52 వేల కిలోమీటర్లు, అంటే డీజిల్, ఇన్సూరెన్సు కాకుండానే కిలోమీటరుకు ఎనిమిది రూపాయలు పైచిలుకు పడింది.

మూడో ఏడాది సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఒక సోమవారం ఉదయం హెబ్బాళ ఫ్లైఓవర్ ఎక్కుతుండగా మీటరులో గేరు అంకె మిణుకుమిణుకుమని వెలగడం మొదలైంది, రెండు నిమిషాల్లో ఇంజిన్ తిరుగుతున్నా బండి మాత్రం కదలలేదు. వెనుక బీఎంటీసీ బస్సు హారన్. ఆపి మళ్లీ స్టార్టు చేస్తే రివర్సు పడింది గాని ముందుకు ఒక్క గేరూ పడలేదు. మోసుకుపోయే లారీ వచ్చేసరికి గంటన్నర. సర్వీసు సెంటరులో స్కానరు పెట్టి, గేర్‌బాక్సును నడిపించే కంట్రోలు యూనిట్ మొత్తం మార్చాలి, 2,60,000 అవుతుంది, సరుకు రావడానికి మూడు వారాలు పడుతుంది అన్నారు. విప్పి బాగుచేసే పద్ధతి వాళ్లకు లేదట. బయట ఆ గేర్‌బాక్సులే చూసే ఒక గ్యారేజీకి తీసుకెళ్తే, అదే యూనిట్‌ను విప్పి, ప్రెషరు నిలవని భాగం ఒక్కటే మార్చి, ఆరు నెలల గ్యారంటీతో 58,000 తీసుకున్నారు. అమ్మేదాకా మళ్లీ ఆ ఇబ్బంది రాలేదు.

అందుచేత మీ రెండో ప్రశ్నకు జవాబు: తగ్గుతుంది, బాగా తగ్గుతుంది, కాని అలాంటి గ్యారేజీ దొరికేదాకా మీరు పడే తిరుగుడు బిల్లులో కనబడదు. ఇంకో మాట. మీరు 14.5 లక్షలు పెట్టి కొంటున్నా, వేయాల్సింది 40 లక్షల కారు సామానే. కారు ధర ఏటా దిగుతుంది, హెడ్‌లైటు ధర దిగదు.

పీణ్య_యంత్రశాల

విడిభాగాల తయారీలో పాతికేళ్లుగా ఉన్నవాడిని కనుక కొంత సాంకేతికంగా రాస్తాను, విసుగు పడకండి.

యూరప్ కార్లు స్వభావరీత్యా నాజూకువి అన్నది సగమే నిజం. ఫియట్ వారి 1.3 లీటరు మల్టీజెట్ డీజిల్ ఇంజిన్ పుట్టింది యూరప్‌లో. ఫియట్ దాన్ని పుణె దగ్గర రంజన్‌గావ్‌లో తయారుచేస్తే, మారుతి వాళ్లు లైసెన్సు తీసుకుని మానేసర్‌లో తయారుచేసి స్విఫ్టులో, డిజైరులో పెట్టారు. అదే ఇంజిన్ మారుతి బోర్డు కింద ఉన్నప్పుడు "లక్షల కిలోమీటర్లు తిరిగే బండి" అనిపించుకుంది, ఫియట్ బోర్డు కింద ఉన్నప్పుడు "సామాను దొరకదు" అనిపించుకుంది. తేడా ఇనుములో లేదు, ఊరూరా ఉన్న షాపుల్లో ఉంది. మీ నాన్నగారు చెప్పింది సరిగ్గా ఇదే విషయం.

ఇక గేర్‌బాక్సు. ఫోక్స్‌వ్యాగన్, స్కోడాలలో డీఎస్‌జీ అన్న ఒకే పేరుతో, రెండు క్లచ్‌లతో గేర్లను తమంతట తామే మార్చే వేర్వేరు యంత్రాలున్నాయి. ఏడు గేర్ల డీక్యూ200లో క్లచ్ పలకలు ఆయిల్‌లో మునగకుండా పొడిగా పనిచేస్తాయి. పాత ఆక్టావియా, సూపర్బ్ డీజిళ్లలో వచ్చిన ఆరు గేర్ల డీక్యూ250లో అవి ఆయిల్‌లో తడుస్తూ ఉంటాయి. ట్రాఫిక్‌లో అడుగడుగునా ముందుకు పాకించినప్పుడు క్లచ్ సగం పట్టీ సగం వదిలీ జారుతుంది, అప్పుడు పుట్టే వేడిని లాగేసుకునే ఆయిల్ పొడి రకంలో ఉండదు. 2013లో ఫోక్స్‌వ్యాగన్ ప్రపంచవ్యాప్తంగా 16 లక్షల కార్లను వెనక్కి పిలిచి, ఏడు గేర్ల డీఎస్‌జీలో సింథటిక్ ఆయిల్ తీసి మినరల్ ఆయిల్ పోసింది, ఎందుకంటే వేడిగా, తేమగా ఉన్న చోట్ల సింథటిక్ ఆయిల్ వల్ల లోపల కరెంటు షార్టయ్యే అవకాశం కనబడింది. తడి రకానికి మాత్రం ప్రతి 60 వేల కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టరు మార్చాలి. పాత ఓనరు మార్పించాడని బిల్లు చూపించకపోతే మార్పించలేదనే అనుకోండి. సిల్క్ బోర్డు మీదుగా రోజూ వెళ్లేవారికి వీటన్నిటికంటే, క్లచ్ పలకలకు బదులు ఆయిల్ ద్వారా ఇంజిన్ శక్తిని గేర్లకు అందించే టార్క్ కన్వర్టరు ఆటోమేటిక్ మేలు. 2022లో వచ్చిన స్లావియా, వర్టస్‌లలో 1.0 లీటరుకు ఆరు గేర్ల టార్క్ కన్వర్టరును, 1.5 లీటరుకు డీఎస్‌జీని పెట్టారు. మీరు 1.0 అనుకోవడం ఈ లెక్కన మంచిదే. బీఎండబ్ల్యూలో వచ్చే జెడ్‌ఎఫ్ ఎనిమిది గేర్ల బాక్సు కూడా టార్క్ కన్వర్టరే, చాలా గట్టిది. అయితే దాని ఆయిల్ జీవితాంతం మార్చనక్కర్లేదని కారు కంపెనీ చెబితే నమ్మవద్దు, తయారుచేసిన జెడ్‌ఎఫ్ వారే 80 వేల నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటారు.

డీజిల్ గురించి. పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ ఒకటి ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక డీజిల్ కార్లకు ఇది తప్పనిసరైంది గాని, కొన్ని జర్మన్ డీజిళ్లకు అంతకుముందు నుంచే ఉంది. పట్టిన మసి కాలిపోవాలంటే బండి కొంతసేపు ఆగకుండా వేగంగా నడవాలి. వారమంతా మారతహళ్లి, సిల్క్ బోర్డు మధ్య పాకే బండికి ఆ అవకాశం రాదు. మీరు నెలకొకసారి అనంతపురం వెళ్లే 210 కిలోమీటర్లే దానికి మందు. జల్లెడలోని మసి కాలడానికి ఇంజిన్ అదనంగా చల్లిన డీజిల్ కొంత ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది కనుక, పుస్తకంలో 15 వేలకు మార్చమని ఉన్నా పది వేలకే మార్చడం నా పద్ధతి. పోసే ఆయిల్ డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉంటే చాలదు. ఫోక్స్‌వ్యాగన్ డీజిల్‌కు 507 00, బీఎండబ్ల్యూకు లాంగ్‌లైఫ్-04, మెర్సిడెస్‌కు 229.51 లాంటి ఆమోదం ఆ డబ్బా మీద రాసి ఉండాలి. బీఎండబ్ల్యూ ఎన్47 డీజిల్ ఇంజిన్‌లో వాల్వులను వేళకు తెరిపించే టైమింగ్ చైన్ గేర్‌బాక్సు వైపున ఉంటుంది. చైన్ సాగి గరగరమని మోగడం మొదలైతే దాన్ని అందుకోవడానికే ఎంతో విప్పాలి, చైన్ ఖరీదు కంటే కూలీ ఎక్కువ. ఉదయం చల్లటి ఇంజిన్‌ను మొదటిసారి స్టార్టు చేసినప్పుడు అక్కడే నిలబడి వినండి. మీరు వచ్చేసరికి బ్రోకరు ఇంజిన్ వేడిచేసి ఉంచితే తిరిగి వెళ్లిపోండి.

కూలెంట్ లీకు అని హెబ్బాళ వారు రాసింది ఆయన ఒక్కరి దురదృష్టం కాదు. థర్మోస్టాట్ హౌసింగు, పైపుల మూతులు ప్లాస్టిక్‌తో చేస్తారు. ఎనిమిదేళ్లు వేడికి ఉడికాక అవి పెళుసెక్కి, మెకానిక్కు చేయి తగిలితేనే పుటుక్కున విరుగుతాయి. ఒకటి మారుస్తున్నప్పుడే పక్కనున్నవీ మార్పించుకోవడం తెలివి, కూలీ ఒకసారే పడుతుంది.

సామాను సంగతి. కారు కంపెనీ బొమ్మ ఉన్న డబ్బాలో వచ్చే లోయర్ ఆర్మ్‌ను చాలాసార్లు తయారుచేసేది లెమ్‌ఫోర్డర్, క్లచ్‌ను లుక్ లేదా సాక్స్, ఫిల్టర్లను మాన్ లేదా మాలే. అవే వస్తువులు ఆ తయారీదారుల సొంత డబ్బాలో బెంగుళూరు జె.సి. రోడ్డు షాపుల్లో గణనీయంగా తక్కువకు వస్తాయి. నకిలీలూ అక్కడే వస్తాయి కనుక జీఎస్టీ బిల్లు ఇవ్వని షాపులో కొనకండి. బయటి గ్యారేజీని ఎంచుకునేటప్పుడు నేను అడిగేది ఒకే ప్రశ్న: ఈ కంపెనీ కార్ల కోసమే చేసిన స్కానరు మీ దగ్గర ఉందా? ఫోక్స్‌వ్యాగన్ బృందానికి వీసీడీఎస్, బీఎండబ్ల్యూకు ఇస్టా, మెర్సిడెస్‌కు జెంట్రీ. అన్ని బండ్లకూ ఒకే చిన్న స్కానరు పెట్టి చూసేవాడు తప్పు కోడును చెరిపి పంపగలడు గాని తప్పు ఎక్కడుందో చెప్పలేడు.

అడయారు_తెలుగు (చెన్నై)

ఇంజిన్ల గురించి పెద్దలు చెప్పారు. నేను నీళ్ల గురించి రాస్తాను. 2015 డిసెంబరు వరదల్లో, మళ్లీ 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానులో మా చెన్నైలో మునిగిన కార్లకు లెక్కలేదు. మీ ఊళ్లోనూ 2022 సెప్టెంబరులో అవుటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల బేస్‌మెంట్లలో ఖరీదైన కార్లు పైకప్పుల దాకా మునిగాయి. మునిగిన కార్లన్నీ తుక్కులోకి పోలేదు. కడిగించుకుని, సీట్లు మార్పించుకుని మార్కెట్లోకి వచ్చినవీ ఉన్నాయి. జర్మన్ కార్లలో సీటు కింద, కార్పెట్ కింద కంట్రోలు యూనిట్లు, వైర్ల కనెక్టర్లు ఉంటాయి కనుక తడి తగిలిన రెండేళ్లకు కూడా ఒక్కొక్కటిగా మొరాయిస్తాయి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, సీటు పట్టాల బోల్టులు చూడండి, డిక్కీ కింద వేలు పెట్టి చూడండి, నీటి మరకో తుప్పో మట్టో ఉందేమో.

ఇన్సూరెన్సు: మామూలు సమగ్ర పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగమే ఇస్తారు, ఈ కార్ల బంపర్ల ధరలో సగం అంటే చిన్న సంగతి కాదు. తరుగుదల కోత లేని జీరో డెప్ పాలసీ పాత కార్లకు చాలా కంపెనీలు ఇవ్వవు, ఇచ్చినా ప్రీమియం వాయిస్తారు. నీళ్లలో ఆగిపోయిన ఇంజిన్‌ను మళ్లీ స్టార్టు చేసి పాడుచేసుకుంటే, ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు రక్షణ విడిగా తీసుకోకపోతే మామూలుగా క్లెయిము రాదు. కొనకముందే ఆ నంబరు చెప్పి ప్రీమియం ఎంతో కనుక్కోండి.

అనంత_బాటసారి

ముగ్గురికీ కృతజ్ఞతలు. పీణ్య వారి జవాబు అచ్చు తీసి మా నాన్నగారికి చదివి వినిపించాను. ఫియట్ భాగం రెండుసార్లు చదివించుకున్నారు. మొదట రాయని ఒక విషయం, తప్పు నాదే: ఆ కారు నంబరు డీఎల్‌తో మొదలవుతుంది, అంటే ఢిల్లీ బండి. రెండో ఓనరు 2021లో ఇక్కడికి తెచ్చుకున్నారట, ఇక్కడి నంబరు మాత్రం తీసుకోలేదు. "ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని ఢిల్లీ ఆర్‌టీఓ ఇచ్చే పత్రం) తెప్పించి ఇస్తాం, పన్ను కొంచెం ఉంటుంది" అంటున్నాడు బ్రోకరు. ఆ కొంచెం ఎంత?

హెబ్బాళ_నివాసి

కొంచెం కాదండీ. పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు ఢిల్లీ ప్రాంతంలో తిరగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. ఆ తరువాతి ఏళ్లలో అక్కడి ఖరీదైన డీజిల్ కార్లు గడువు దగ్గరపడే కొద్దీ చవకగా దక్షిణానికి దిగుతూ వచ్చాయి. ధర అంత ఆకర్షణీయంగా కనబడడానికి అది ఒక కారణం. వేరే రాష్ట్రం బండి ఏడాదికి మించి ఇక్కడ తిరగాలంటే ఎన్‌ఓసీ, ఇక్కడి నంబరు, ఇక్కడి పన్ను తప్పవు. కర్ణాటక జీవితకాల పన్ను దేశంలోనే ఎక్కువ ఉన్నవాటిలో ఒకటి. 20 లక్షలు దాటిన కారుకు 18 శాతం, దానిపైన సెస్సు. పాత బండికి వయసును బట్టి తగ్గిస్తారు గాని, లెక్క మొదలయ్యేది మీరిచ్చే 14.5 లక్షల దగ్గర కాదు, కొత్తగా ఉన్నప్పటి ధర దగ్గర. తగ్గించాక కూడా లక్షల్లోనే ఉంటుంది. ఢిల్లీలో కట్టిన పన్నులో మిగిలిన భాగం వెనక్కి అడగవచ్చు, కాని అది అక్కడి ఆర్‌టీఓలో మొదటి ఓనరు కాగితాలతో తేలాల్సిన పని. బ్రోకరు ఎన్‌ఓసీ, ఆర్‌సీ మార్పు, పన్ను అన్నీ తన ఖర్చుతో చేయించి కేఏ నంబరుతో అప్పగిస్తేనే మాట్లాడండి. 2021 నుంచి ఇప్పటిదాకా ఆ బండి ఎవరి పార్కింగ్‌లో ఉందో కూడా అడగండి.

పీణ్య_యంత్రశాల

ఆ చివరి వాక్యం ముఖ్యం. అడయారు వారి మాట మరచిపోకండి.

అనంత_బాటసారి

నిన్న ఆదివారం ఉదయం ఏడు గంటలకు, చెప్పాపెట్టకుండా, ఒక గ్యారేజీ అతన్ని వెంటబెట్టుకుని వెళ్లాను. తనిఖీకి అతను తీసుకున్నది 4,500. చల్లటి ఇంజిన్ బాగానే స్టార్టయింది, చైన్ శబ్దమేమీ లేదు. స్కానరులో పాత తప్పులేవీ కనబడలేదు; తప్పులన్నీ మూడు రోజుల కిందటే చెరిపేసినట్టు మాత్రం కనబడింది. డ్రైవరు సీటు బెల్టును చివరిదాకా లాగితే, ఎప్పుడూ బయటికి రాని చివరి జానెడు భాగంలో, టీ మరక ఆరినట్టు ఒక గోధుమరంగు గీత అడ్డంగా ఉంది. సీటు పట్టాల నాలుగు బోల్టుల్లో రెండు కొత్తవి, రెండు తుప్పు పట్టినవి. ఈ కారులో బ్యాటరీ డిక్కీ కింద ఉంటుంది. దాని పక్క గుంటలో గ్యారేజీ అతను స్క్రూడ్రైవరుతో గీకితే చెరువు అడుగున ఎండిన బంకమట్టి లాంటిది పొలుసులుగా లేచింది. "వాటర్ వాష్ వాళ్లు అజాగ్రత్తగా కొట్టారు సార్" అన్నాడు బ్రోకరు. రెండో ఓనరు ఇల్లు ఎక్కడని అడిగితే, అవుటర్ రింగ్ రోడ్డు పక్కనున్న బెళ్లందూరు అన్నాడు.

అడ్వాన్సు ఇవ్వలేదు కనుక 4,500తో పోయింది. వచ్చే శనివారం స్లావియా టెస్ట్ డ్రైవ్ పెట్టుకున్నాము. స్లావియాకు పునాదిగా ఉన్న ప్లాట్‌ఫారం మీద తయారుచేసిన కార్లకు 95 శాతం దాకా భాగాలు ఇక్కడివేనని స్కోడా చెబుతోంది, సామాను బాధ ఆ మేరకు తగ్గాలి. నాన్నగారు మాత్రం తన వంతుగా అనంతపురంలో తనకు తెలిసిన మెకానిక్కును అడిగి వచ్చారు. ఆయిలు, బ్రేకులు, సస్పెన్షను తాను చూడగలననీ, గేర్‌బాక్సు జోలికి మాత్రం వెళ్లననీ అతను చెప్పాడట. ఇప్పుడు నాకున్న సందేహం ఒక్కటే: పొడిగించిన వారంటీని కొన్న రోజే తీసుకోవాలా, మొదటి వారంటీ ముగిసే ముందు తీసుకున్నా అదే ధర పడుతుందా? తీసుకున్నవారు చెప్పగలరు.